స్టీరింగ్ మీద వేసిన నింద

తొలివాన పడి వెలిసిన మర్నాడు పొద్దున్నే తిజానీ పెరట్లోకి వెళ్లి ట్రాక్టర్ మీది టార్పాలిన్ లాగేశాడు. వసంతం నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మడతల్లో నిలిచిన వాననీళ్లు గుమ్మరించినట్టు అతని పాదాల మీద పడ్డాయి. ఎర్రరంగు వెలిసి ఇటుకరంగుకు తిరిగిన ఆ పాత బండికి ఒక పక్క మడ్‌గార్డు నలిగిపోయి ఉంది. స్టీరింగ్ చక్రం కోడిగుడ్డులా సాగిపోయింది. ముందు చక్రాలు రెండూ అలిగిన తోడికోడళ్లలా చెరో దిక్కు చూస్తున్నాయి.

దాని కిందే అతని కొడుకు మొంగీ పోయాడు.

కొండవాలున గుప్పెడు ఇళ్ల ఊరు అది. కింద క్రీబ్ మైదానమంతా గోధుమ, పైన బార్లీ, అక్కడక్కడా ఆలివ్ చెట్లు. బండి రోడ్డు దిగి వాగులో బోల్తాపడిన రోజున అందరికన్నా ముందు పరిగెత్తి చేరింది తిజానీయే. మిగతావాళ్లు వచ్చేసరికి అతను వాగు రాళ్ల మధ్య కూలబడి, తల బాదుకుంటూ ఒకటే మాట అంటున్నాడు.

"స్టీరింగ్ పోయింది. రాడ్డు చివరి బాల్ జాయింటు ఊడిపోయింది. బాగుచేయిద్దాం నాన్నా అని వాడు మొత్తుకున్నాడు, నేను విన్లేదు. నా కొడుకును నేనే చంపుకున్నా!"

వచ్చినవాళ్లెవరూ బండి కిందికి వంగి చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది? ఆ బండి స్టీరింగ్ ఎంత లూజో ఊరందరికీ తెలిసిందే. ఎదురొస్తే గొర్రెల కాపర్లు కూడా గట్టెక్కి నిలబడేవాళ్లు. అతను అన్నమాటే ఊరంతా పాకింది, ఆ మాట మీదే ఇమాం నమాజు చదివించాడు, ఆ మాటతోనే మొంగీని మట్టిలో పెట్టారు. పరామర్శకు వచ్చినవాళ్లు "విధి తిజానీ, అల్లా రాసిపెట్టాడు" అంటే అతను ఒప్పుకునేవాడు కాదు. "రాసింది అల్లా అయినా, చేసింది నేను" అనేవాడు.

కోడలు సాల్హా ఆ మాట విన్న రోజు నుంచి మామతో మాట్లాడటం మానేసింది. వేళకు రొట్టె, హరిస్సా కారం, ఆలివ్ నూనె అతని ముందు పెట్టేది. బట్టలు ఉతికేది. ఏదైనా చెప్పాల్సి వస్తే ఆరేళ్ల కూతురు నజ్వాతో చెప్పించేది. తిజానీ భార్య ఎప్పుడో పోయింది. అందుచేత ఆ ఇంట్లో పెద్దవాళ్ల మధ్య మాట అనేదే లేకుండా పోయింది.

వేసవంతా అలా గడిచింది. కోత పొరుగువాళ్ల యంత్రంతో అయిపోయింది. కానీ దుక్కి అలా కాదు. వాన పడ్డాక నేల పదును నాలుగు రోజులుంటే గొప్ప. ఎవరి ట్రాక్టర్ వాళ్ల పొలంలోనే దిగుతుంది, పక్కవాడి కోసం ఆగదు. కొండమీద తిజానీకున్న బార్లీ చెక్కకు రావడానికి ఎవరూ ఇష్టపడరు కూడా. అందుకే ఇక తప్పక టార్పాలిన్ లాగాడు తిజానీ. 

*

కింద క్రీబ్ పట్నంలో గ్యారేజీ నడిపే ఫర్హాత్ మోపెడ్ మీద వచ్చేసరికి ఎండ కాస్త పైకొచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్ట ముందుకొచ్చి, చెవిలో సిగరెట్టు. వెనకాల పనిముట్ల పెట్టె, దాని మీద రబ్బరు తాడుతో కట్టిన గోనెసంచి. తిజానీ వేరే మెకానిక్కును పిలవకుండా ఇతన్నే పిలవడానికి కారణముంది. ఫర్హాత్ లొడలొడ వాగుతాడు గానీ ఒకరింటి సంగతి ఇంకొకరింట్లో ఎత్తడు.

"సలాం బాబాయ్. టీ పెట్టించావా, లేక పోయినసారిలా మంచినీళ్లతో సరిపెడతావా?"

"ముందు పని చూడరా. టీ ఎక్కడికీ పోదు."

"పని మాత్రం ఎక్కడికి పోతుంది? ఈ బండికి నీకంటే వయసెక్కువ. నిన్ను మీ అమ్మ కనక ముందు నుంచే ఇది రోగాలు పోగేసుకుంటోంది. ఎప్పటికైనా ఇది ఎవర్నో..." అని నాలుక కరుచుకున్నాడు. "క్షమించు బాబాయ్. నోరు."

"పర్లేదు. పని కానివ్వు."

ఇద్దరూ కలిసి ముందు ఇరుసు కింద జాకీ పెట్టి ఎత్తి, కిందికి ఆలివ్ మొద్దు తోశారు. ఫర్హాత్ ఒక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమని చప్పుడు చేస్తూ చక్రం వదులుపన్నులా ఆడింది. రెండోదీ అంతే.

"కింగ్ పిన్నుల బుష్షులు అయిపోయాయి. చక్రం తిరిగేది ఈ నిలువు పిన్ను మీదే కదా, దాని చుట్టూ బుష్షు బిగుతుగా ఉండాలి. ఇవేమో ముసలమ్మ చేతి గాజుల్లా ఆడుతున్నాయి. ఎన్నేళ్లయింది వీటికి గ్రీజు పెట్టి?"

"మొంగీ పెట్టేవాడు."

ఫర్హాత్ పానా అందుకున్నాడు. రెండు చక్రాలనూ కలిపే అడ్డ రాడ్డు చివర నట్టు జారకుండా పెట్టిన కాటర్ పిన్ను పీకి, నట్టు విప్పి, పక్కనుంచి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. జాయింటు జారి చేతిలోకొచ్చింది. ఊపితే లోపల గుండు గలగలమంది. అది గోనె మీద పడేసి, వీపు కింద అట్టముక్క వేసుకుని బండి కిందికి దూరాడు. స్టీరింగ్ పెట్టె నుంచి చక్రానికి పోయే పొడుగు రాడ్డు అక్కడుంది. తిజానీ ఊడిందని చెప్పిన జాయింటు దాని చివరే.

ఎండిన బురద రాలుతున్న చప్పుడు, గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. నోరు మూత పడని మనిషి అంతసేపు మాట్లాడకపోయేసరికి తిజానీ బండి దగ్గరికి జరిగాడు.

"బాబాయ్," అన్నాడు ఫర్హాత్ కింద నుంచి. "ఒకసారి వంగు."

తిజానీ మోకాళ్లు పట్టుకుని తడినేల మీద కూర్చున్నాడు.

"ఇదెవరు వేశారు?"

"ఏది?"

"ఈ జాయింటు. కొత్తది. రబ్బరు టోపీ చూడు, చిరుగులేదు. గ్రీజు ఇంకా పసుపుపచ్చగా ఉంది. నట్టు అంచులు కూడా అరగలేదు." ఆగి, గొంతు తగ్గించాడు. "ఇది ఊడిందన్నావు కదా?"

"ఊడింది."

"ఊడలేదు బాబాయ్. రాడ్డు వంగింది, అది పడ్డప్పుడు వంగింది. జాయింటు మాత్రం పట్టు వదల్లేదు. కాటర్ పిన్ను ఎక్కడిదక్కడే ఉంది. ఎవరో ఓపిగ్గా, పద్ధతిగా వేశారు. నేను వేసినా ఇంతే."

తిజానీ చెయ్యి చాచి దాన్ని తాకాడు. చల్లగా, గట్టిగా ఉంది. పిన్ను కొనలు రెండూ చక్కగా విడదీసి వెనక్కి మడిచి ఉన్నాయి.

ఎవరు వేశారో అతనికి తెలుసు. ఏ రోజున వేశాడో కూడా ఆ క్షణంలో తెలిసిపోయింది.

అంతకుముందు చలికాలం నుంచీ మొంగీ మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దువాలేదాకా అలాగే కూర్చునేవాడు. తిండి ముందు పెడితే చూసేవాడు గానీ తినేవాడు కాదు. సిలియానా పట్నంలో డాక్టరుకు చూపిస్తే నిద్రమాత్రలిచ్చాడు. ఏం బాధరా అని అడిగితే "ఏం లేదు నాన్నా, అలసటగా ఉంది" అనేవాడు. ఏం పని చేశాడని అలసట? తిజానీకి కోపమొచ్చేది. అలాంటి రోజుల్లోనే ఒకసారి వాడు స్టీరింగ్ సంగతి ఎత్తితే కసిరాడు. "లూజు స్టీరింగ్‌ది కాదురా, నీ చేతులది. సరిగ్గా పట్టుకుని తోలు."

చలి తగ్గాక మాత్రం కొన్నాళ్లు బాగున్నాడు. కబురు చేసి పిలిపించుకున్నట్టు పాత మొంగీ తిరిగొచ్చాడు. మేకల కొట్టానికి సున్నం వేశాడు. నజ్వాను భుజాల మీద ఎక్కించుకుని గట్ల వెంట తిరిగి కూరకు అడవి ఆర్టిచోకు మొగ్గలు కోసుకొచ్చాడు. ఒక సాయంత్రం మోచేతుల దాకా గ్రీజుతో భోజనానికొచ్చి కూర్చుంటే, "ఆ చేతుల్తో రొట్టె ముట్టుకుంటావట్రా, పశువా?" అన్నాడు తిజానీ. మొంగీ నవ్వాడు. నవ్వుతూ లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. ఎందుకు నవ్వాడో తిజానీ అడగలేదు.

ఆ మంచిరోజులు ఎక్కువ కాలం నిలవలేదు. మళ్లీ గోడ, మళ్లీ మౌనం. ఆ తర్వాతే వాగు.

"బాబాయ్, ఏమైనా జరిగుండొచ్చు," అంటూ ఫర్హాత్ బయటికి పాక్కుంటూ వచ్చాడు. "ఏ గొర్రో అడ్డమొచ్చి ఉంటుంది. కునుకు పట్టి ఉంటుంది. నిద్రమాత్రలు వేసుకునేవాడేమో కదా."

"అప్పుడే లేచాడు. కాఫీ తాగి బయల్దేరాడు." అన్నాడు తిజానీ. "నువ్వు ఆ చోటు చూశావుగా. వంపు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. పైగా వాన లేదు, మంచు లేదు."

"అయినా..."

"గడ్డి తెస్తానని పోయాడురా. ట్రాలీ తగిలించుకోకుండా పోయాడు."

ఫర్హాత్ చెవిలోని సిగరెట్టు తీసి చేతిలో పట్టుకున్నాడు. వెలిగించలేదు.

"నేను ఇదిగో, ఈ అరుగు మీదే ఉన్నా," అన్నాడు తిజానీ. "చూశా. ట్రాలీ లేకుండా గడ్డి ఎలా తెస్తాడు, మతిమరుపు వెధవ, సగం దారి పోయి తిట్టుకుంటూ వెనక్కొస్తాడులే అనుకున్నా. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. నా నోటికి బద్ధకమొచ్చింది. తర్వాత వాగు దగ్గరికి పోయి చూశాక... వాడే చేసుకున్నాడని ఎవరో ఒకరు అంటారని, అనకముందే స్టీరింగ్ అన్నా. అని అని అదే నిజమని నమ్మాను కూడా. నమ్మినంతకాలం నయంగా ఉండేది ఫర్హాత్. నేనే చంపాననుకుంటే నిద్ర పట్టేది కాదు గానీ, వాడెందుకలా చేశాడన్న ప్రశ్న ఉండేది కాదు."

ఫర్హాత్ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఈ సంగతి ఇక్కడే ఉండాలి," అన్నాడు తిజానీ. "నీ పిల్లల మీద ఒట్టు."

"ఒట్టెందుకు బాబాయ్? నేనేనాడైనా... కానీ ఎన్నాళ్లని? జనం నిన్ను పీనాసి అంటున్నారు. నాలుగు డబ్బులకు కక్కుర్తిపడి కొడుకును చంపాడంటున్నారు. నేను నా చెవులతో విన్నా."

"అననీ. నా మీద రాయి పడితే నేను ముసలాణ్ణి, నాతోనే పోతుంది. ఆ మాట బయటికొస్తే పిల్ల మీద పడుతుంది. ఫలానావాడి కూతురని రేపు దాన్నెవడు చేసుకుంటాడు? సాల్హాను ఊరుకుంటారా? మొగుణ్ణి ఏం పీక్కుతింటే అంత పని చేశాడు అని ఆడాళ్లే బుగ్గలు నొక్కుకుంటారు."

*

సాల్హా టీ పళ్లెంతో వచ్చింది. నల్లకుర్తా, నెత్తిన నల్లగుడ్డ, చేతులకు గాజుల్లేవు. మనిషి సగానికి సగం అయిపోయింది. పళ్లెం అరుగు మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"ఫర్హాత్ అన్నా, ఒకటడుగుతాను."

"అడుగమ్మా."

"ఊడిపోయిన ముక్క ఏది? చూపించు."

ఫర్హాత్ చూపు తిజానీ వైపు తిరిగింది. తిజానీ నేలవైపు చూస్తున్నాడు.

"చూపించరా," అన్నాడు. "చూడనీ."

ఫర్హాత్ వంగి, గోనె మీద పడేసిన పాత జాయింటు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. పేరు చెప్పలేదు, ఎక్కడిదో చెప్పలేదు. సాల్హా దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఊపింది. గలగలమంది. మళ్లీ ఊపింది.

"ఇంతేనా? నా పిడికిలంత కూడా లేదు."

"ఇంతేనమ్మా."

"ఇది ఎక్కడా దొరకనిదా? ఫ్రాన్సు నుంచి తెప్పించాలా?"

"లేదమ్మా... సంతలో దొరుకుతుంది."

ఆమె తల ఊపింది. తర్వాత మామగారి వైపు తిరిగింది. వసంతం నుంచి అతని మొహంలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"మామా, నాకింతకాలం ఒక భయముండేది. ఎవరికీ చెప్పలేదు, మా అమ్మక్కూడా చెప్పలేదు. మొంగీ... నా మొగుడు కావాలనే పోయాడేమోనని. ఆ ముందురోజు రాత్రి నేను అతనితో గట్టిగా మాట్లాడా. నీలా గోడకు ఆనుకుని కూర్చునే మొగుడు నాకెందుకు, ఆ గోడనే కట్టుకునేదాన్నిగా అన్నా. పొద్దున్నే లేచి పోయాడు. నా మాటకే పోయాడేమోనని కళ్లు మూస్తే అదే. పిల్ల మొహం చూస్తే అదే."

సాల్హా చేతిలోని ముక్క వైపు చూసింది.

"ఇవాళ ఇది చూశాక నా గుండె మీది బండ దిగింది." ఆ ముక్కను పిడికిట్లో బిగించింది. "దిగి నీ మీద పడింది. నువ్వే మోసుకో! మొంగీ నాతో అనేవాడు, నాన్న వినడు సాల్హా, చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది అని. పెద్దాయన, పోనీలే అని నేనే సర్దిచెప్పేదాన్ని. సంతలో దొరికేదాని కోసం నా ఇల్లు కూల్చావు. నువ్వు తండ్రివా? మేకకు కాలు కుంటితే ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తావే! నీ కొడుకు మేకపాటి చెయ్యలేదా?"

"సాల్హా, అమ్మా..." అన్నాడు ఫర్హాత్.

"నువ్వు మధ్యలో రాకన్నా. ఆయన్నే చెప్పమను. ఏమైనా ఉంటే చెప్పమను!"

తిజానీ తలెత్తాడు. చెప్పడానికి నోటినిండా ఉంది. నీ మాటకు కాదమ్మా, నీ తప్పేమీ లేదమ్మా అని చెప్పాలనుంది. అది చెబితే మిగతాదంతా చెప్పాల్సొస్తుంది.

"ఏం చెప్పను?" అన్నాడు. "నిజమే. నేను చేయించి ఉండాల్సింది."

ఆమె మొహం బద్దలైనట్టయింది. అతను కాదంటాడేమో, ఏదో ఒకటి అడ్డం చెబుతాడేమో, ఇద్దరూ పోట్లాడుకుని ఏడ్చుకోవచ్చేమో అని ఎక్కడో ఆశపడ్డట్టుంది. ఏమీ లేకపోయేసరికి వెనక్కి తిరిగింది.

"దీన్ని నేనుంచుకుంటా," అంది ఆ ఇనుపముక్కను చూపిస్తూ. "పిల్ల పెద్దదయ్యాక అడుగుతుందిగా."

ఆమె లోపలికి వెళ్లాక చాలాసేపు ఇద్దరూ టీ ముట్టుకోలేదు. చివరికి ఫర్హాత్ అన్నాడు. "నా చేత అబద్ధమాడించావు."

"నువ్వేమన్నావు? ఆమె అడిగింది. చూపించావు."

"అదే అబద్ధం బాబాయ్. నోటితో ఆడితేనా?"

"విన్నావుగా ఆమె అన్నది. బండ దిగిందంది. ఇక చాలు."

"దిగింది, నిజమే," అని ఫర్హాత్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "చేదుగా ఉంది. పంచదార వెయ్యడం మర్చిపోయింది పాపం."

*

ఆ రోజంతా, మర్నాడంతా పని నడిచింది. కింగ్ పిన్నులు తుప్పుతో బిగుసుకుపోయి ఒక పట్టాన కదల్లేదు. కిరోసిన్ పోసి, నానబెట్టి, పెద్ద సుత్తితో కొట్టి కొట్టి ఊడదీశారు. పాత బుష్షులు ముక్కలు ముక్కలుగా రాలాయి. కొత్తవి దిగ్గొట్టి, లోపల సాఫు చేసి, పిన్ను వేళ్లతో నెట్టితే దిగేలా కుదిర్చాడు ఫర్హాత్. స్టీరింగ్ పెట్టె మూత విప్పి, పాత నూనె వంచి, లోపలి వదులు తగ్గేలా మూత కింది పలచటి రేకుల్లో ఒకటి తీసి బిగించాడు. వంగిన రాడ్డును సరిచేస్తే ఎప్పటికైనా విరుగుతుందని చెప్పి, క్రీబ్ పోయి వేరే రాడ్డు తెచ్చాడు.

మొంగీ వేసిన జాయింటును పాత రాడ్డు నుంచి విప్పుతూ ఆగి అడిగాడు. "దీన్నేం చేద్దాం? వేరేది వెయ్యనా?"

"బాగుందన్నావుగా?"

"బాగానే ఉంది. పదేళ్లు పనిచేస్తుంది."

"అయితే అదే వెయ్యి."

చివర్లో ఒక రెల్లుపుల్లతో చక్రాల మధ్య దూరం ముందువైపు కొలిచాడు, వెనకవైపు కొలిచాడు. వెనకకన్నా ముందువైపు వేలంత దగ్గరగా ఉండేలా అడ్డ రాడ్డును తిప్పి బిగించాడు. "కాస్త లోపలికి చూస్తేనే తిన్నగా పోతుంది," అన్నాడు అలవాటుగా.

తిజానీ ఎక్కి కూర్చున్నాడు. ఇంజను దగ్గి, నల్లపొగ కక్కి అందుకుంది. పెరటి గుమ్మం దాటిస్తూ, ఏళ్ల తరబడి అలవాటైన పద్ధతిలో స్టీరింగ్ చక్రాన్ని చుట్టూ లాగాడు. బండి ఒక్కసారిగా పక్కకు తిరిగి గోడను రాసుకుంది.

"ఏయ్ బాబాయ్!" అని అరిచాడు ఫర్హాత్. "దాంతో ఇక కుస్తీ పట్టక్కర్లేదు! చెప్తే వింటుంది ఇప్పుడు. మెల్లగా తిప్పు!"

తిజానీ బండి ఆపాడు. రెండు చేతులూ చక్రం మీద పెట్టుకుని, తల దాని మీద ఆన్చాడు. ఇంజను శబ్దంలో ఏడుపు వినిపించలేదు. భుజాలు కదలడం చూసి ఫర్హాత్ మొహం తిప్పుకుని, పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతూ నిలబడ్డాడు.

*

పదును ఆరక ముందే కొండచెక్క దున్నడం అయింది. బార్లీ చల్లడం కూడా అయింది. పొలానికి పోవాలన్నా రావాలన్నా ఆ వంపూ, వంపు తర్వాతి తిన్నటి రోడ్డూ దాటక తప్పదు. దాటిన ప్రతిసారీ చక్రం మీద అతని పిడికిలి బిగిసేది. బండి మాత్రం గీత గీసినట్టు పోయేది.

చివరి మడి చల్లి ఇంటికొచ్చిన సాయంత్రం గుమ్మంలో రెండు మూటలు, నజ్వా పరుపుచుట్ట కనిపించాయి. సాల్హా అన్న వ్యాను తెచ్చి బయట నిలబెట్టుకున్నాడు. అతనూ పలకరించలేదు. సాల్హా చెప్పాలనుకున్నది అప్పటికే చెప్పేసినట్టుంది, ఒక్క మాటే అంది.

"విత్తనం పడేదాకా ఆగాను. ఇక నా వల్ల కాదు."

"పిల్ల..."

"పండక్కి పంపిస్తా. నీ రక్తం కాదనను."

నజ్వా వ్యానులోంచి చెయ్యి ఊపింది. ఊపాక తల్లి మొహం చూసి చెయ్యి దించేసింది.

చలికాలంలో ఊరి కాఫీకొట్టులో తిజానీ కూర్చునే బల్ల దగ్గరికి ఎవరూ రావడం మానేశారు. సాల్హా పుట్టింట్లో అన్న మాటలు నోటా నోటా ఇక్కడికి చేరాయి. ఆ ఇనుపముక్కను వచ్చినవాళ్లందరికీ చూపిస్తోందట. కొన్నాళ్లకు అతనూ కాఫీకొట్టుకు పోవడం మానేశాడు. రొట్టె తనే కాల్చుకునేవాడు. సగం మాడేది, మాడింది మేకలకు వేసేవాడు.

ఒక రోజు ఫర్హాత్ పని లేకపోయినా వచ్చాడు. నిప్పుల కుంపటి దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాడు.

"బాబాయ్, సంతలో ఒకడు నీ పేరెత్తి ఉమ్మేశాడు. నా చేతిలో పానా ఉంది, వాడి మూతి పగలగొట్టేవాణ్ణే. నోటిదాకా వచ్చింది."

"వచ్చి?"

"మింగేశా. గొంతులో ఇంకా అక్కడే ఉంది."

"దాన్ని అక్కడే ఉండనీ."

"సాల్హాకొక్కదానికైనా చెప్పకూడదా? పిల్ల పెద్దయ్యాక, ఎప్పుడో..."

"ఆ రాత్రి వాడితో ఏమందో ఆమె నోటే విన్నావుగా. అది తెలిస్తే బతుకుతుందా?" తిజానీ పుల్లతో నిప్పులు కెలికాడు. "నన్ను తిట్టుకుంటూ అన్నం తింటోందట. వాళ్లన్న ఎవరితోనో అన్నాడట. కాస్త ఒళ్లు చేసిందట కూడా."

ఫర్హాత్ వెళ్లేటప్పుడు గ్రీజు డబ్బా ఒకటి అరుగు మీద పెట్టి పోయాడు.

పండగనాడు వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది. సాల్హా ముందు సీట్లోంచి దిగలేదు, తల తిప్పలేదు. నజ్వా కొత్త గౌనులో ఒక్కతే వచ్చి గడప దగ్గర ఆగింది. తిజానీ కొని ఉంచిన మిఠాయి పొట్లం చాచాడు. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మ తీసుకోవద్దంది."

"సరే తల్లీ."

"తాతా, మా నాన్న బండి నువ్వు బాగుచేయించలేదంటగా? అందుకే చచ్చిపోయాడంటగా?"

తిజానీ ఆమె ఎత్తుకు వంగాడు. ఆ కళ్లు అచ్చం వాడివే.

"అవును తల్లీ. చేయించలేదు."

పిల్ల కాసేపు ఆలోచించింది. పెద్దవాళ్లు చెప్పినదానితో ఇది సరిపోయిందని తృప్తిపడ్డట్టు తల ఊపి, అతని భుజం మీదుగా పెరట్లోకి చూసింది.

"మన మచ్చలకోడి గుడ్లు పెడుతోందా?"

"పెడుతోంది. మూడు రోజులుగా నేను తియ్యలేదు."

"అయితే గంప కింద ఉంటాయి. అది అక్కడే దాచుకుంటుంది," అని లోపలికి పరిగెత్తింది. గౌనులో గుడ్లు మూటగట్టుకుని బయటికి వచ్చింది. వ్యాను దాకా మెల్లగా, ఒక్కో అడుగే వేస్తూ నడిచింది. లోపల తల్లి ఏదో అంది, పిల్ల ఏదో చెప్పింది. కొంచెంసేపు తలుపు తెరుచుకునే ఉంది. తర్వాత సాల్హా చెయ్యి బయటికొచ్చి, గుడ్లు పగలకుండా పిల్లను జాగ్రత్తగా లోపలికి ఎత్తుకుంది.

వ్యాను కొండ దిగి కనబడకుండా పోయేదాకా తిజానీ గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత మిఠాయి పొట్లం గూట్లో పెట్టి, మేకలకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు.